జీఎంఆర్‌టీ డేటాను విదేశీయులు దోచుకుంటున్నారా? ఒక ఖండన

విశాఖలోని నా మిత్రులు గత కొన్ని వారాలుగా ఒకే సందేశాన్ని బీచ్ రోడ్డు నడక బృందంలోనూ, విశ్రాంత ఉద్యోగుల బృందంలోనూ, చివరకు పెళ్లి పిలుపుల కోసం పెట్టుకున్న బంధువుల బృందంలోనూ పంపుతూనే ఉన్నారు. దాని సారాంశం ఇది: పుణె దగ్గర మన పన్నులతో కట్టుకున్న జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు డేటాను విదేశీయులు ఉచితంగా పట్టుకుపోతున్నారు, కృష్ణబిలం ఫొటో తీసినప్పుడు భారత్‌ను కావాలని పక్కన పెట్టారు, ఇప్పుడు పలు దేశాలు కలిసి కడుతున్న ఎస్‌కేఏ అనే రేడియో టెలిస్కోపు పేరిట రూ.1,250 కోట్లు పరాయి దేశాలకు ధారపోస్తున్నాం. ఆ డబ్బుతో విశాఖ తీరంలోనే సొంత టెలిస్కోపు కట్టుకోవచ్చు. ఈ టెలిస్కోపుల రేడియేషన్‌తో పంటలు పాడవుతున్నాయి. ఇంతా చేసి మన పిల్లలకు ఒరిగిందేమీ లేదు. పంపినవారిలో ఇంజనీర్లు ఉన్నారు, పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారూ ఉన్నారు. అందుకే ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

పంటల సంగతికి రెండు మాటలు చాలు. రేడియో టెలిస్కోపు తరంగాలను అందుకుంటుందే తప్ప వెదజల్లదు. జీఎంఆర్‌టీ డిష్‌ల చుట్టూ ఉన్నవి పచ్చని పొలాలే, పక్కనున్న నారాయణగావ్ టమాటా మార్కెట్‌కు పెట్టింది పేరు.

విశాఖ తీరంలో కట్టాలన్న సూచన కూడా అంతే. రేవుకు వచ్చిపోయే ప్రతి ఓడకూ రాడార్ ఉంటుంది. నౌకాదళ స్థావరం, విమానాశ్రయం, వీధివీధినా సెల్ టవర్లు ఉన్న నగరంలో నక్షత్రాల నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతం వినబడే అవకాశమే లేదు. ఎస్‌కేఏ ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌కు, దక్షిణాఫ్రికాలోని కరూకు వెళ్లడానికి మొదటి కారణం అక్కడి నిర్జన ప్రదేశాల నిశ్శబ్దం. రెండోది పాలపుంత కేంద్రం అక్కడ దాదాపు నడినెత్తిన కనిపించడం.

ఇక కృష్ణబిలం ఫొటో. ఎం87 అనే గెలాక్సీలోని కృష్ణబిలం ఫొటోకు దారితీసిన 2017 ఏప్రిల్ పరిశీలనల్లో పాల్గొన్న ఎనిమిది టెలిస్కోపులు పట్టుకున్నది 1.3 మిల్లీమీటర్ల తరంగాలను. జీఎంఆర్‌టీ డిష్ ఒక్కొక్కటీ 45 మీటర్ల వెడల్పున్నా దాని ఉపరితలం రేకు కాదు, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగల వల. ఆ వల కన్ను డిష్ మధ్యలో 10 మిల్లీమీటర్లు, అంచుల దగ్గర 20 మిల్లీమీటర్లు ఉంటుంది. మీటరు స్థాయి తరంగాలకు అది చాలు, బరువూ గాలి ఒత్తిడీ తగ్గుతాయి, ఖర్చు కలిసివస్తుంది. జీఎంఆర్‌టీని రూపొందించిన ప్రొఫెసర్ గోవింద్ స్వరూప్ బృందం చూపిన నేర్పు అదే. అయితే కన్ను కంటే చిన్న చేప వలలో నిలవదని జాలరిపేటలో ఎవరినడిగినా చెబుతారు. పది మిల్లీమీటర్ల కన్ను నుంచి 1.3 మిల్లీమీటర్ల తరంగం జారిపోతే దానిని కుట్ర అంటారా? ఆ పరిశీలనల్లో పాల్గొన్న ఒక టెలిస్కోపు దక్షిణ ధ్రువం దగ్గర ఉంది. అక్కడ రికార్డు చేసిన హార్డ్ డిస్కులు చలికాలం ముగిసి విమానాలు తిరిగేదాకా కదలలేదు, మిగతా స్థలాల డేటా ఉన్నా అందరూ వాటి కోసం వేచి ఉన్నారు. భూమి అంత వెడల్పున్న టెలిస్కోపును ఏ ఒక్క దేశమూ కట్టలేదు గనుకనే అంత ఓపిక పట్టారు.

రూ.1,250 కోట్లు పెద్ద మొత్తమే. కానీ అది ఏడేళ్ల ఖర్చు, జనాభాతో భాగిస్తే తలకు మొత్తం మీద తొమ్మిది రూపాయలు. అందులో చాలా భాగం మన సంస్థలు చేసి ఇచ్చే పని రూపంలోనే ఉంటుంది. 197 డిష్‌లు, 1,31,072 చిన్న ఆంటెనాలు కలిసి పనిచేయాల్సిన ఎస్‌కేఏకు నియంత్రణ వ్యవస్థను రూపొందించిన అంతర్జాతీయ బృందానికి నాయకత్వం వహించింది జీఎంఆర్‌టీని నడిపే పుణెలోని ఎన్‌సీఆర్‌ఏ సంస్థే. ధారపోయడం అంటే ఇదేనా?

ఇప్పుడు అసలు విషానికి వస్తాను. డేటా దోపిడీ అన్న ఆరోపణే ఈ సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది ఒక కోరికతో ముగుస్తుంది: జీఎంఆర్‌టీ తలుపులు విదేశీయులకు మూసేయాలట.

అక్కడ సమయం కోసం ఏ దేశం వారైనా దరఖాస్తు చేసుకోవచ్చు, నిపుణులు దాని శాస్త్రీయ యోగ్యతను తూచి సమయం కేటాయిస్తారు. నిర్ణీత కాలం దాటాక ఆ డేటా అందరికీ అందుబాటులోకి వస్తుంది. జీఎంఆర్‌టీతో 2010-12 మధ్య 150 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశంలో దాదాపు 90 శాతాన్ని సర్వే చేశారు. విదేశాల్లో పనిచేస్తున్న కొందరు శాస్త్రజ్ఞులు, వారిలో భారతీయులూ ఉన్నారు, ఆ డేటాను కొత్త పద్ధతిలో శుద్ధిచేసి 6 లక్షలకు పైగా రేడియో మూలాల పట్టికను 2017లో ప్రచురించారు. ఆ పట్టికను ఎవరైనా పైసా ఖర్చు లేకుండా తీసుకోవచ్చు. దోచుకున్న సొత్తును శుభ్రంచేసి యజమాని ఇంటికే తెచ్చి ఇచ్చే దొంగలను నేనింతవరకు చూడలేదు.

2016 అక్టోబరు 19న యూరప్ వారి స్కియాపరెల్లి ల్యాండర్ అంగారకుడిపై దిగుతున్నప్పుడు, పదిహేడు కోట్ల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వస్తున్న దాని సన్నని సంకేతాన్ని భూమి మీద పట్టుకున్నది జీఎంఆర్‌టీ ఉన్న ఊరైన ఖోడద్‌లోని మన డిష్‌లే. తలుపులు మూసి ఉంటే ఆ ఘనత మనకు దక్కేదా?

ఇంతకంటే గట్టి ఉదాహరణ పల్సర్లది, అంటే గడియారంలా క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రాలది. వీటి స్పందనలు భూమిని చేరే సమయాన్ని సెకనులో కోటో వంతు స్థాయిలో ఏళ్ల తరబడి కొలిస్తే, మహా కృష్ణబిలాల జంటలు పుట్టించే గురుత్వ తరంగాల, అంటే స్థలకాలంలోనే పుట్టే అలల, జాడ తెలుస్తుంది. దారిలోని ఎలక్ట్రాన్లు ఆ సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది, కాబట్టి తక్కువ పౌనఃపున్యాల వద్ద దానిని కచ్చితంగా కొలిచి తీసివేయాలి. ఆ బలం నవీకరించిన జీఎంఆర్‌టీది. యూరప్‌లోని అయిదు పెద్ద టెలిస్కోపుల బలం దాదాపు 25 ఏళ్ల కొలతలు. జీఎంఆర్‌టీతో పల్సర్లను కొలిచే మన ఇన్‌పీటీఏ బృందం తొలిసారి విడుదల చేసినవి మూడున్నరేళ్ల కొలతలు మాత్రమే. 2023 జూన్ 29న ఈ ఆరు టెలిస్కోపుల డేటాను కలిపి ఆ తరంగాలకు ఆధారాన్ని ప్రకటించినప్పుడు మన బృందం వారితో సమాన భాగస్వామి. ఐఐటీ హైదరాబాద్ వారూ అందులో ఉన్నారు. ఇప్పుడు చెప్పండి: మూడున్నరేళ్ల డేటాను బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే ఎవరు నష్టపోతారు? ఇరవై అయిదేళ్లది ఉన్నవారా, మనమా?

చివరి ఫిర్యాదు దగ్గర మాత్రం నేను సందేశం పక్షమే. మన పిల్లలకు దీనిలో చేరే దారి ఎవరూ చూపలేదు. ఖోడద్‌లో ఏటా సైన్స్ దినోత్సవానికి చుట్టుపక్కల ఊళ్ల బడి పిల్లలు బారులు తీరి వచ్చి ఆ డిష్‌లను దగ్గర నుంచి చూస్తారు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో భౌతికశాస్త్రం డిగ్రీ చదివే అమ్మాయికి ఆ డిష్‌ల డేటా ఇంట్లోంచే దొరుకుతుందని, ఒక మామూలు కంప్యూటరుతోనే దానిపై పని మొదలుపెట్టవచ్చని చెప్పే అధ్యాపకుడు ఎక్కడున్నాడు? దీని మీద పిటిషన్ రాయండి, ముందుగా సంతకం చేసేది నేనే.