ముందు టీచరుకు, తర్వాతే పిల్లలకు

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జులైలో ‘హ్యాపీనెస్’ పీరియడ్ మొదలైంది. నర్సరీ నుంచి 8వ తరగతి దాకా ధ్యానం, కథ, చర్చ ఉండేవి, పరీక్ష ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే కోవలో ‘ఆనంద వేదిక’ వచ్చింది. ఇలాంటి సామాజిక, భావోద్వేగ పాఠాలను జిల్లా అంతటికీ ఒక్క సర్క్యులర్‌తో ప్రకటించడం సులువే. తరగతి గదిలో నిలబెట్టడమే కష్టం.

ఈ పాఠాలు పనిచేస్తాయి. 213 కార్యక్రమాలను, సుమారు 2.7 లక్షల మంది విద్యార్థుల ఫలితాలను కలిపి విశ్లేషించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ప్రవర్తనే కాదు, చదువూ మెరుగైనట్టు తేలింది. అమలులో ఇబ్బందులు వచ్చినచోట ఫలితం తగ్గిందనీ ఆ అధ్యయనమే చెప్పింది. ఇంగ్లండ్ ఉన్నత పాఠశాలల్లో ఎవరికి తోచినట్టు వారు నడుపుకోమని వదిలేసిన ఇలాంటి పథకం ఏ ప్రభావమూ చూపలేదని 2010లో మూల్యాంకనం తేల్చింది.

మన దగ్గర గండి పడేది శిక్షణలో. జిల్లా కేంద్రంలో రిసోర్స్ పర్సన్లకు (టీచర్లకు శిక్షణ ఇచ్చేవారికి) మూడు రోజులు, మండలంలో ఒక రోజు, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) సమావేశంలో అరగంట. ప్రాథమిక తరగతుల టీచరు (ఎస్‌జీటీ) దాకా చేరేసరికి మిగిలేది కరదీపిక ఒక్కటే. దీని బదులు బడులు తెరిచేముందు టీచర్లకే నేరుగా రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. ఆపై 15 బడులకు ఒకరు చొప్పున, నెలకోసారి తరగతిలో కూర్చుని చూసి, తర్వాత టీచరుతో మాట్లాడే మనిషి ఉండాలి. తనిఖీకి వచ్చి సంతకం పెట్టి వెళ్లేవారు మనకు ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు.

వారానికి రెండు పీరియడ్లు చాలు, కానీ చివరి పీరియడ్ వద్దు. పరీక్షలు దగ్గరపడగానే దాన్ని లెక్కలు లాగేసుకుంటాయి. మూడో తరగతి పిల్లలు అన్నిటికీ ‘కోపం వచ్చింది’ అనే అంటారు. అలకనూ ఉక్రోషాన్నీ అవమానాన్నీ విడదీసి చెప్పించాలి. ఏడో తరగతిలో ఇద్దరి తగవును మూడో విద్యార్థి తీర్పు చెప్పకుండా ఇద్దరి మాటల్లోనూ తిరిగి చెప్పాలి. కళ్లు మూసుకుని ఊపిరి గమనించమంటే సరిపోదు: బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా పిల్లలతో జరిపి 2022లో వెల్లడించిన ప్రయోగంలో, మామూలు పాఠాలకంటే ధ్యాన శిక్షణ మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు.

బెత్తం సంగతి కూడా తేల్చుకోవాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఉదయం గోడకుర్చీ వేయించిన టీచరు మధ్యాహ్నం సహానుభూతి బోధిస్తే పిల్లలు నమ్మరు.

పిల్లలు నోరు విప్పితే ఇంట్లో దెబ్బలు, లైంగిక వేధింపులు కూడా బయటికొస్తాయి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక వేధింపుల సమాచారాన్ని పోలీసులకు తెలపడం తప్పనిసరి. గోప్యంగా ఉంచుతానని టీచరు మాటివ్వకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్లు ప్రతి హెచ్‌ఎం దగ్గరా ఉండాలి. ఈ భాగం లేని శిక్షణ ప్రమాదకరం.

మార్కులు పెడితే పిల్లలు టీచరుకు నచ్చే జవాబే రాస్తారు. ఫొటోలు అప్‌లోడ్ చేయమంటే ఫొటోలే వస్తాయి. గొడవలు, గైర్హాజరు నమోదు చేసి టర్ముకోసారి పోల్చితే చాలు. పరిశీలకుల పోస్టులు మంజూరు కాని జిల్లా ఈ ఏడాది రెండు మండలాలతోనే ఆగడం మేలు.