రెండోసారి కోస్తే మొదటిది దండగైనట్టేనా?

చచ్చుబడిన చేతికి చేసే ఆపరేషన్ గురించి "తొడ కండ తెచ్చి చేతికి పెట్టాక మళ్లీ కోశారంటే మొదటిది దండగే" అని పైన ఒకాయన రాశారు. అంత తేలిగ్గా కొట్టిపారేయకండి సార్.

మా బావమరిది రావులపాలెం దగ్గర బైకు మీంచి పడితే చేతికెళ్లే నరాలు మెడ దగ్గర వెన్నుపాము నుంచే ఊడొచ్చేశాయి. మోచెయ్యి మడవడానికని తొడలోని గ్రాసిలిస్ అనే కండ తీసి చేతిలో పెట్టి, రక్తనాళాలు కలిపి, ఊపిరికి పనిచేసే పక్కటెముకల మధ్య నరాలతో జత చేశారు. నరం పెరిగేదే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అందుకే నెలల తరబడి చెయ్యి అలా వేలాడుతూనే ఉంటుంది, ఈలోగా చుట్టాలు "ఇంకా కదల్లేదా" అంటూ పెట్టే టెన్షన్ వేరే. తర్వాత గట్టిగా ఊపిరి పీలిస్తే చర్మం కింద కండ ఉబకడం మాకు కనిపించేది, మోచెయ్యి మాత్రం మడతపడేది కాదు. స్నాయువు, అంటే కండని ఎముకకి కలిపే తాడులాంటిది, చుట్టుపక్కల అతుక్కుపోయిందట. రెండో ఆపరేషన్ ఆ అతుకులు విడదీయడానికే, టెనోలైసిస్ అంటారు. కండకి రక్తం ఆగిపోతే మొదటి రోజుల్లోనే అర్జంటుగా తెరవడం వేరు, అది నిజంగా ప్రమాదం.

ఇప్పుడు కొబ్బరికాయలు దింపలేడు గానీ సంచి మోచేతికి తగిలించుకుని సంతకెళ్తాడు. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు మాత్రం నాటు కట్లంటూ తిరక్కండి, నరాల ఆపరేషన్‌కి మొదటి 6 నెలలే కీలకం.