మాచు పిచ్చు గేటు బయటి బాత్రూముకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ మాచు పిచ్చు గేటు బయటి బాత్రూము గారికి నమస్కరించి రాయునది.

మేమిక్కడ క్షేమం. మా నాలుగేళ్ల వాడి ప్యాంటు మాత్రం హోటల్ కిటికీకి వేలాడుతోంది. కారణం తమరికి తెలిసే ఉంటుంది.

పెరూ దేశపు కొండ మీద ఇన్కా రాజులు కట్టిన ఆ పాత నగరం లోపల తమ జాతివాళ్లెవరూ లేరని, ఒకసారి బయటికొస్తే ఆ టికెట్టు మీద మళ్లీ పోనివ్వరని చదువుకునే వచ్చాం. అందుకే ముందుగా వాణ్ణి తమ సన్నిధికి తెచ్చి చిల్లర సమర్పించుకున్నాం. "రావట్లేదు నాన్నా" అన్నాడు. కొళాయి తిప్పి చూపించాం. "నిజంగా రావట్లేదు." పిల్లలున్న ఇంట్లో ఈ మాటకు అర్థం చెప్పక్కర్లేదు.

"ఎత్తు ప్రదేశం, నీళ్లు బాగా పట్టించండి" అని దారిలో కుస్కో ఊళ్లో అడిగినవాళ్లూ అడగనివాళ్లూ చెప్పారు. అక్కడ 3,400 మీటర్ల ఎత్తులో నాకు తల పగిలిపోతుంటే వీడు వీధంతా పరుగులు. అయినా భయం కొద్దీ పట్టించాం. మాచు పిచ్చులో 2,430 మీటర్లకు దిగాక ఆ నీళ్లు లెక్క అప్పజెబుతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు.

15వ శతాబ్దంలో మీ ఇన్కా ఇంజినీర్లు ముప్పావు కిలోమీటరు కాలవ వేసి ఊటనీళ్లు తెచ్చారు. మెట్ల పక్కన ఒకదాని కింద ఒకటి 16 ధారలు కట్టారు. అద్భుతం, ఒప్పుకుంటాం. కానీ ఆపుకుంటున్న పిల్లాణ్ణి ఆ జలజల పక్కన నిలబెట్టి చూడండి! కాళ్లు పెనవేసుకుని, నా చొక్కా కొస పట్టుకుని, మాట్లాడ్డం మానేశాడు. సరిగ్గా అప్పుడే గైడు, "ఇది పచకూటి చక్రవర్తి నివాసం, ఆ మూల ఆయన సొంత బాత్రూమ్ ఉండేదంటారు" అన్నాడు. మావాడికి చక్రవర్తి వినపడలేదు.

"ఉంది కదా నాన్నా!"

వెనక్కి నాలుగడుగులేస్తే గార్డు ఈల. వన్‌వే అట. పక్కనే గడ్డిలో ఒక లామా, అదే ఆ ఒంటె జాతి జంతువు, ప్రశాంతంగా తన పని కానిచ్చింది. దానికి టికెట్టు లేదు, పాస్‌పోర్టు లేదు, టైమ్ స్లాట్ లేదు. "దానికి ఓకేనా?" అని అడిగాడు మావాడు. నేను ఏం చెప్పను? ఆ తర్వాతి సంగతి ఆ మెట్లకే ఎరుక.

స్ట్రోలర్ వద్దన్నారు, సరే, ఆ మెట్ల మీద ఎలాగూ నడవదు. చిరుతిళ్లు వద్దన్నారు, సర్దుకున్నాం. బస్సు మలుపుల్లో పెద్దమ్మాయి వాంతి చేసుకుంది, కవరుంది కాబట్టి సరిపోయింది. కానీ ఇది? తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటలు కూర్చోబెడతారు, నిజమే. కానీ లోపలే బాత్రూములుంటాయి, పిల్లలకు పాలు కూడా ఇస్తారు. ఏ నిమిషానికి రావాలో, ఏ రాయి పక్కనుంచి నడవాలో కూడా ముందే రాసిపెట్టిన వాళ్లకు పిల్లలకు ఒంటేలొస్తుందని తట్టలేదా? ఏం మనుషులయ్యా!

తమర్ని ఆ రాళ్ల మధ్య కట్టమనట్లేదు. కట్టకూడదు కూడా, అది పాడైతే మళ్లీ రాదు. పసిపిల్లల టికెట్టు మీద ఒక్కసారి బయటికొచ్చి మళ్లీ వెళ్లే వీలివ్వండి, చాలు.

వాణ్ణి కడగడానికి మళ్లీ తమ దగ్గరికే వచ్చాం. నోటిస్తే చిల్లర లేదన్నారు. రేపు మా పక్కగది వాళ్లు కవలపిల్లలతో వస్తున్నారు, ఇద్దరికీ డైపర్లు ఈమధ్యే మాన్పించారట. ఆ పూటకైనా చిల్లర పెట్టుకోండి.

ఇట్లు,
ఒక తండ్రి