చారాణా రైఫిల్, బారాణా తూటా

మహారాజశ్రీ కార్కానో రైఫిల్ గారి దివ్య సముఖానికి,

టెక్సాస్ నుంచి మీ యజమాని రాయునది. ఉభయకుశలోపరి.

గన్ షోలో ఓ మూల దుమ్ము పట్టి ఉన్న మిమ్మల్ని చవగ్గా వస్తున్నారని ఇంటికి తెచ్చుకున్నాను. మీ ఒంటి మీద ఇటలీలోని టెర్నీ ఫ్యాక్టరీ ముద్ర, 1940, పక్కనే రోమన్ అంకెల్లో ముస్సోలినీ శకం 18వ ఏడు. పెద్దవారు కదా, ఇంత తిని ఓ మూల కూర్చుంటారనుకున్నాను. మా హైదరాబాద్‌లో చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. ఆ కోడి మీరేనని అప్పుడు తెలీలేదు.

షాపుల్లో మీ తూటాలు అరుదు. దొరికినా రేటు చూసి దండం పెట్టి రావడమే. ఇంట్లోనే నింపుకుంటే డబ్బు మిగులుతుందన్నారు. ప్రెస్సు, డైలు, కాటా, కాలిపర్ కొన్నాను. ఆ మిగిలే డబ్బు కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను.

ముందుగా పాత మిలిటరీ తూటాలు కాల్చి, ఆ ఇత్తడి గుల్లల్ని మళ్లీ నింపబోయాను. కాలిపోయిన ప్రైమర్‌ని, అంటే మందుని అంటించే చిన్న మూతని, లోపల్నుంచి సూదితో నెట్టెయ్యాలి. అడుగున మధ్యలో ఒక కన్నం ఉంటుందని నా సూది నమ్మకం. ఉన్నవి పక్కపక్కన రెండు చిన్న కన్నాలు. టక్కున సూది విరిగింది. అది బెర్డాన్ పద్ధతట. బెర్డాన్ అమెరికావాడు, ఆయన పద్ధతి యూరప్‌కి నచ్చింది. ఒకే కన్నం పద్ధతి బాక్సర్‌ది. ఆయన ఇంగ్లండ్‌వాడు, ఆయనది అమెరికాకి నచ్చింది. పొరుగింటి పుల్లకూర సామెత మనదొక్కళ్లదే అనుకునేవాణ్ణి.

కొత్త గుల్లలు కొన్నాను. తూటా కొసన ఉండి దూసుకెళ్లే బుల్లెట్ల దగ్గర మళ్లీ బోల్తా. మీ తూటా పేరులో 6.5 మిల్లీమీటర్లని ఉందని బజార్లో దొరికే 6.5 బుల్లెట్లు తెచ్చాను. అవి 0.264 అంగుళాల లావు, మీకు కావలసింది 0.268. తేడా 0.1 మిల్లీమీటరు, వెంట్రుక మందం! కాగితం మీద గుండ్రటి చిల్లు పడాల్సింది పోయి నిలువుగా చీలిక పడింది. గొట్టంలో వదులై, బుల్లెట్ అడ్డం తిరిగి దూరిందన్నమాట. దగ్గరికెళ్లి చూస్తే అచ్చం నామం. ఎవరికి పెట్టారో అర్థమైంది.

ఇక మందు. దాన్ని గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే 0.065 గ్రాము, మన గురివింద గింజలో దాదాపు సగం. గాలికి కాటా కదులుతుందని ఫ్యాన్ ఆపి, టెక్సాస్ ఎండాకాలంలో చెమటలు కక్కుతూ కంసాలిలా తూస్తున్నాను. ఆ సంగతి మావాడు వీడియో కాల్‌లో అమ్మమ్మకి చెప్పాడు. వెంటనే కరీంనగర్ నుంచి మా ఆవిడకి ఫోన్: "ఏందే, అల్లుడు రోజూ రాత్రి గరాజ్‌ల కూసొని మందు కొలుచుకుంటుండట?"

మొన్న ఎట్టకేలకు ఆరు తూటాల్ని పట్టి ఉంచే రేకు క్లిప్పులో పెట్టి మీకు నివేదించాను. ఆరూ గుండ్రటి చిల్లులే! ఆ సంతోషంలో అసలు విషయం మర్చిపోయాను. ఆరోది గొట్టంలోకి ఎక్కగానే ఖాళీ క్లిప్పు మీ అడుగున ఉన్న కన్నంలోంచి జారిపోతుంది కదా. జారిపోయింది. నా దగ్గరున్నది అదొక్కటే.

ఇట్లు,
గడ్డిలో క్లిప్పు వెతుకుతున్న
మీ యజమాని

తా.క.: నిన్న గన్ షోలో మీ తమ్ముడు కనిపించాడు. 1938లో ఇటలీవాళ్లు 7.35 తూటాకి మారదామని తయారుచేసి, యుద్ధం ముంచుకొచ్చేసరికి మళ్లీ 6.5కే వచ్చేశారు చూడండి, ఆ బాపతు. వాడి తూటాలు మీవాటికన్నా అరుదట. రైఫిల్ మాత్రం చవగ్గా ఇస్తానన్నాడు అమ్మేవాడు.