సముద్రం పాలైన నీరు

వానాకాలం వచ్చిందంటే మన నేతల ప్రకటనల్లోనూ, మన పత్రికల శీర్షికల్లోనూ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ఇన్ని టీఎంసీల నీరు వృథాగా సముద్రం పాలవుతోందని. ఆ మాటను ఒక్కసారి ఆగి తరచి చూడాల్సిన అవసరాన్ని హవాయి దీవుల కొండవాగుల్లో బతికే ఒక చిన్న రొయ్య గుర్తుచేస్తోంది.

అక్కడివారు దాన్ని ఓపాయ్ కలఓలే అంటారు. నిడివి 5 సెంటీమీటర్లకు మించని ఈ రొయ్య సహజంగా ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. దాని డెక్కల చివర కుంచెల్లాంటి వెంట్రుకల గుత్తులుంటాయి. ఉరవడిగా పారే నీటికి ఎదురుగా రాతిని పట్టుకుని నిలబడి, ఆ కుంచెలను విసనకర్రల్లా విప్పి, కొట్టుకొచ్చే ఆకుల నలుసులనూ నాచు తునకలనూ ఒడిసిపట్టి నోటికి అందించుకుంటుంది. నీటి వేగం తగ్గినచోట అవే కుంచెలతో రాళ్ల మీది నాచును ఊడ్చి తింటుంది.

దాని బతుకు కొండకూ కడలికీ మధ్య సాగుతుంది. కడుపు కింద గుడ్లను మోసిన తల్లి వాగులోనే పిల్లలను వదులుతుంది గానీ, కంటికి ఆనని ఆ పిల్లలు కొద్దిరోజుల్లోగా ఉప్పునీటిని చేరకపోతే చనిపోతాయి. సముద్రంలో కొంతకాలం తేలియాడి రూపు మారాక ఏదో ఒక వాగు ముఖద్వారం వెతుక్కుని, ఏటికి ఎదురీది, జలపాతాల పక్కన తడిరాళ్లను పట్టుకుని నిలువునా పాకుతూ కొండెక్కుతాయి. కన్నతల్లి ఉన్న వాగుకే రావాలన్న నియమం లేదు.

హవాయిలోని మావీ దీవి తూర్పు కొండల్లో 1870ల నుంచి చెరకు తోటల కోసం తవ్విన కాలువలు ఈ దారిని తెగ్గొట్టాయి. వాగుకు అడ్డంగా కట్టిన తూముల్లోకి మామూలు రోజుల్లో పారే నీరంతా మళ్లిపోతే కిందిభాగం ఎండిపోతుంది. దిగే పిల్లలు కాలువ పాలవుతాయి, ఎక్కి రావలసినవాటికి తడి దారే ఉండదు. ఆ వాగుల మీద ఆధారపడి చేమదుంప పండించే స్థానిక రైతులు 27 వాగుల కోసం 2001లో అర్జీలు పెట్టారు. 2016లో చెరకు సాగు ఆగిపోయింది. హవాయి రాష్ట్ర జలవనరుల కమిషన్ 2018లో పలు వాగులకు ప్రవాహం తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఇది న్యాయమైన నిర్ణయం. రావడానికి అన్నేళ్లు పట్టడమే బాధాకరం. అయితే నీటి పరిమాణాన్ని నిర్ణయించడంతోనే పని పూర్తికాదని మేము భావిస్తున్నాం. పిల్లలు కాలువలో పడకుండా, పైకెక్కేవాటికి తడిరాయి తెగకుండా తూముల కట్టడాన్నే మార్చాలి.

మన గోదావరిలోని నీలకంఠ రొయ్యదీ దాదాపు ఇదే కథ. మంచినీటిలో పెరిగినా, దాని పిల్లలు ఎదగడానికి ఏరు కడలిని కలిసేచోటి ఉప్పదనం కావాలి. ఎదిగాక అవి తిరిగి ఎగువకు రావాలి. సాగునీటి విలువ ఎరిగిన డెల్టాలో ఆనకట్టలు వద్దనే మాట మేము అనం. కానీ నదిలో ఎంత నీటిని ఆపాలో లెక్కగట్టే ఇంజినీర్లు, కడలి దాకా ఎంత వదలాలో, ఏ నెలల్లో వదలాలో కూడా చేపలూ రొయ్యలూ తెలిసిన శాస్త్రజ్ఞులనూ, చేపల వేటగాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్కలోనే రాయాలని కోరుతున్నాం.