శివారు పౌరసత్వం: షటిల్ కోర్టు విధివిధానాలు

హైదరాబాద్ శివార్లలో నిజాంపేట, బాచుపల్లి వైపు ఫ్లాటు కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితాలు చేతికి రాగానే తాము అక్కడివాళ్లమైపోయామని భ్రమపడుతుంటారు. పాలు పొంగించి, ఆధార్‌లో చిరునామా మార్పించుకుని, గ్యాస్ కనెక్షన్ బదిలీ చేయించుకున్నా సరే, లిఫ్టులో ఎదురైనవాళ్లు "ఎవరింటికొచ్చారండీ?" అనే అడుగుతారు. శివారులో పౌరసత్వం ఇచ్చే అధికారం మున్సిపాలిటీకి లేదు. అది పూర్తిగా ఉదయం ఆరింటి షటిల్ బ్యాచ్ పరిధిలోని అంశం.

అమాయకులు మొదట బ్రోచర్ తీస్తారు. అందులో ఇండోర్ కోర్టు ఉంటుంది, నిగనిగలాడే చెక్క నేల ఉంటుంది. తీరా దిగి చూస్తే అది సెల్లారు. డబుల్స్ కోర్టుకు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఉండాలి. బిల్డరు ఆ కొలతల్ని గౌరవించి గీతలు గీయించాడు. పిల్లరును మాత్రం జరపలేకపోయాడు. షటిల్ కాక్ కాస్త పైకి లేపితే డ్రైనేజీ పైపుకు తగులుతుంది. పైపుకు తగిలితే లెట్, అంటే ఆ పాయింటు మళ్లీ ఆడాలన్నది అక్కడి చట్టం. రాత్రి ఏడు దాటాక సర్వీసు గీత మీద ఎవరిదో కారు ఆగి ఉంటుంది. గట్టిగా మాట్లాడడానికి వీల్లేదు, ఆ స్థలం ఆయన పార్కింగేనని సేల్ డీడ్‌లో ఉంది.

కాబట్టి బయటి రేకుల షెడ్డే గతి. ప్లేయో లాంటి యాప్ తెరిస్తే చుట్టుపక్కల కోర్టులన్నీ కనిపిస్తాయి, ఖాళీలు కూడా బోలెడు. అవన్నీ పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా. మే నెలలో ఆ వేళ రేకుల కింద ఆడే వాళ్లు ఇంకా పుట్టలేదు. ఫ్యాను వేయమని అడగకూడదు, గాలికి కాక్ దారి తప్పుతుంది. మహిళల బ్యాచ్ పదిన్నరకు పెట్టామని నిర్వాహకులు గర్వంగా చెబుతారు. రేకు వేడెక్కడం మొదలయ్యే వేళ అదే కనుక, ఆ గౌరవం ఎంత వెచ్చనిదో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు కట్టే ముందు నేల చూడండి. మ్యాట్ అన్నిచోట్లా పచ్చగానే ఉంటుంది, దాని కిందేముందన్నదే ప్రశ్న. మడమతో ఒకసారి గట్టిగా తొక్కండి. కింద చెక్క ఉంటే డొల్లగా మోగి కాస్త కుంగుతుంది. సిమెంటు మీదే పరిచి ఉంటే చప్పుడు రాదు, ఆర్నెల్లకు మోకాలే చప్పుడు చేస్తుంది. లైట్లు కోర్టుకు రెండు పక్కలా ఉండాలి. నడినెత్తిన ఉంటే పైకి చూసిన ప్రతిసారీ కళ్లు జిగేల్‌మని పాయింటు పోతుంది. బూట్లు నేల మీద మరకలు పడని నాన్-మార్కింగ్‌వే వేసుకోవాలి. జాగింగ్ బూట్లకు మడమ ఎత్తు ఎక్కువ, పక్కకు దూకితే కాలు మెలిక పడుతుంది.

ఇక ప్రవేశ పరీక్ష. మెంబర్‌షిప్ ఉందా అని అడిగితే ఫుల్ అంటారు, ఎప్పుడూ ఫుల్లే. ఆరుకు పది నిమిషాల ముందే కిట్ బ్యాగుతో వెళ్లి బెంచీ మీద కూర్చుని "ఎవరైనా తక్కువైతే చెప్పండన్నా" అనాలి. తర్వాత "మీదేవూరు?" అని వస్తుంది. భీమవరం దగ్గర అంటే దగ్గరంటే ఎక్కడ అని, ఊరి పేరు చెబితే ఎవరి తాలూకు అని సాగుతుంది. ఈ ఇంటర్వ్యూ ముగిసేదాకా మీ బ్యాక్‌హ్యాండ్ గురించి ఎవరికీ ఆసక్తి ఉండదు. మొదటి గేములో అసోసియేషన్ ప్రెసిడెంటు గారి మీదకు స్మాష్ కొట్టకండి. ఆయనకు మోకాలి పట్టీ ఉంది, నీళ్ల ట్యాంకరు వరుసా ఆయన చేతిలోనే ఉంది.

పిల్లల్ని చేర్చేవారికి ఒక్క మాట. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి గచ్చిబౌలిలో అకాడమీ పెట్టారు; సైనా 2012లో కాంస్యం, సింధు 2016లో రజతం ఒలింపిక్స్ నుంచి తెచ్చారు. అప్పటినుంచి నగరంలో ఏడేళ్లు నిండిన పిల్లలందరూ పతకం బాకీ ఉన్నారు. కోచ్ మొదట కాక్ ఇవ్వకుండా కాళ్ల కదలికే నేర్పిస్తే, బయట కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులు ఫీజు దండగని మథనపడతారు. సరిగ్గా నేర్పేది ఆ కోచే.

కాక్ విషయంలో పెద్దల మధ్య రెండు మతాలున్నాయి. నైలాన్ వాళ్లకు కాక్ అడుగు చుట్టూ ఉండే పట్టీ రంగు చాలు: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం, మన ఎండలకు ఆకుపచ్చ. ఫెదర్ వాళ్లది శాస్త్రం. పదహారు ఈకలు, 4.74 నుంచి 5.50 గ్రాముల బరువు. వేడి గాలి పలచన కనుక వేసవిలో కాక్ దూరం పోతుంది, అందుకని వేగంగా పోయే 78 నంబరు వద్దు, నెమ్మదైన 76 కొనాలంటారు. పరీక్ష ఇది: వెనక గీత మీద నిలబడి కింది నుంచి పైకి బలంగా కొడితే, అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. ఆ గేములోనే ఎవరో ఫ్రేముతో కొడతారు, రెండు ఈకలు విరుగుతాయి, శాస్త్రం ముగుస్తుంది, డబ్బులు ఎవరివన్న చర్చ మొదలవుతుంది.

అసలు రాజ్యాంగం వాట్సాప్ లిస్టు. రాత్రి తొమ్మిదికి ఒకరు "రేపు 6" అని పెట్టి ఒకటో నంబరుగా తన పేరు రాస్తారు. తర్వాతివాళ్లు దాన్ని కాపీ చేసి కింద తమ పేరు చేర్చి మళ్లీ పెట్టాలి. కోర్టుకు ఆరుగురే, అంతకు మించితే గంటలో ఎవరికీ చెమట పట్టదు. ఐదు పేర్లున్న లిస్టును ఇద్దరు ఒకే క్షణంలో కాపీ చేస్తే ఇద్దరూ ఆరో నంబరే. పొద్దున ఏడుగురు తేలతారు, ఇద్దరి ఫోన్లలోనూ సాక్ష్యం పక్కాగా ఉంటుంది. ఇలాంటప్పుడు ఊరికి పాతవారిదే ఆరో నంబరు. కొత్తవారు పాయింట్లు లెక్కపెట్టాలి: సరిసంఖ్యకు కుడివైపు సర్వీసు, బేసికి ఎడమవైపు.

ఇంకో చిక్కుంది. కొందరు బద్ధకించి నిన్నటి లిస్టునే కాపీ చేస్తారు. అందువల్ల ఎప్పుడో డాలస్ వెళ్లిపోయినాయన రోజూ మూడో నంబరులో ఆడుతూనే ఉంటాడు. ఆయన పేరు తీసేయమని మీరు అడక్కండి, బ్యాచ్‌లో చీలిక వస్తుంది. ఏమీ ఎరగనట్టు ఆయన స్థానంలో దిగి ఆడుకోండి. నెలాఖరుకు కాక్‌ల డబ్బు మాత్రం ఆయన్నే అడుగుతారు, ఆయన కడుతున్నాడు కూడా.