ఫలితం వచ్చాక కాదు, ఓటుకు ముందే

రెఫరెండం, అంటే ఒక ప్రశ్నపై నేరుగా జనం చేత ఓటు వేయించడం. దాని ఫలితాన్ని ప్రభుత్వం పాటించి తీరాలా? బ్రిటన్‌లో దీనికి జవాబు ఆ రెఫరెండం జరిపించిన చట్టంలోనే వెతకాలి. 2011లో ఎన్నికల పద్ధతి మార్చాలా అని అడిగినప్పుడు కొత్త పద్ధతిలో ఓట్లు ఎలా లెక్కపెడతారో చట్టంలోనే రాశారు. 'అవును' గెలిచి, నియోజకవర్గాల హద్దుల మార్పు పూర్తయితే మంత్రి దాన్ని అమల్లోకి తేవాల్సిందేనని కూడా రాశారు. జనం వద్దన్నారు, గొడవ లేకుండా తేలిపోయింది.

2016లో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వైదొలగాలా అని అడిగినప్పుడు (బ్రెగ్జిట్ ఓటు) అలా కాదు. ఫలితం వచ్చాక ఎవరేం చేయాలో ఆ ఓటు జరిపించిన 2015 చట్టంలో ఒక్క ముక్క లేదు. ఇంటింటికీ పంచిన ప్రభుత్వ కరపత్రం మాత్రం మీ నిర్ణయాన్ని అమలు చేస్తామని మాటిచ్చింది. చివరికి 2017 జనవరిలో సుప్రీంకోర్టు 8–3 తీర్పుతో చెప్పాల్సి వచ్చింది: వైదొలిగే నోటీసుకు పార్లమెంటు చట్టం కావాలి, రెఫరెండం ఒక్కటే చాలదు.

అయినా వైదొలగాలని 51.9 శాతం మంది చెప్పినదాన్ని పక్కన పెట్టే నైతిక హక్కు ఆ ప్రభుత్వానికి లేదనే నా అభిప్రాయం. మాటిచ్చింది కదా. బ్రిటన్‌లో ఉంటున్న మనలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కూడా కామన్వెల్త్ పౌరులుగా ఆ ఓటుకు అర్హులే. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్న పోలిష్, ఫ్రెంచ్ పౌరులకు ఆ అవకాశం లేదు. మనకెందుకులే అనడానికి మనకు వీల్లేదు.

చిక్కంతా దేనికి కట్టుబడాలన్న దగ్గరే. బ్యాలెట్ మీద రెండే గళ్లు: ఉండాలి, వైదొలగాలి. కస్టమ్స్ యూనియన్ (సభ్య దేశాల మధ్య సరుకులపై సుంకాలు లేని ఏర్పాటు) సంగతి, ఐర్లండ్‌తో ఉన్న సరిహద్దు సంగతి ఎవరూ అడగలేదు. 2019 మార్చి 27న పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో ఎనిమిది ప్రత్యామ్నాయాలకు ఓటింగ్ పెడితే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన 3 ఓట్ల తేడాతో పోయింది. ఎంపీలను తిట్టడం తేలికే. కానీ 1.74 కోట్ల మంది ఏ రకంగా వైదొలగమన్నారో తేల్చే కాగితం ఎవరి దగ్గరా లేదు.

న్యూజిలాండ్ కారుణ్య మరణం విషయంలో ముందు 2019లో చట్టం పాస్ చేసి, ఆ తర్వాత 2020లో జనాన్ని అడిగింది. 65.1 శాతం సరేనన్నారు, 2021 నవంబరు 7న అది దానంతటదే అమల్లోకి వచ్చింది. అదే రోజు గంజాయి మీద అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం కట్టుబడనక్కర్లేదన్న సంగతీ ఓటర్లకు ముందే తెలుసు.

కనీస శాతం కావాలన్నా అంతే. 1979లో స్కాట్లాండ్‌లో 51.6 శాతం అవునన్నా సొంత అసెంబ్లీ రాలేదు. మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు అడ్డొచ్చింది. ఓటు వేయనివాళ్లనీ వద్దన్నవాళ్లతో కలిపేసే ఆ షరతు నాకు నచ్చదు. కానీ అది ఓటుకు ముందే చట్టంలో ఉంది. 2016 ఫలితం వచ్చాక, గెలుపుకు 60 శాతం ఉండాల్సిందంటూ 40 లక్షలకు పైగా సంతకాలు పెట్టించడం న్యాయం కాదు.